వెనక్కి తిరిగిన బోరు లారీ

హనుమకొండ,
ఫిబ్రవరి 3, 2025.

అత్తమ్మా,

కూర్చుని చదువు. నాకు కేసు దొరికింది!

మా లా కాలేజీలో మూట్ కోర్టు పోటీ పెట్టారు. ఉత్తుత్తి కోర్టు అన్నమాట. జడ్జి మా దివాకర్ సారు, లాయర్లం మేము. కేసు మాత్రం నిజంగా ఎక్కడో జరిగినదై ఉండాలి. నాకు జోడీ కరుణ. మంచి పిల్లే కానీ గురక పెడితే కిటికీ అద్దాలు అదురుతాయి. వారం రోజులుగా ఇద్దరం కేసు కోసం పేపర్లు తిరగేసి తిరగేసి చేతులు నల్లగా చేసుకున్నాం.

నిన్న ఆదివారం ఫోన్ మాట్లాడే వంతు వచ్చింది. మా ఫోన్లు ఆఫీసు బీరువాలో తాళంలో ఉంటాయి, వారానికి పది నిమిషాలు ఇస్తారు. అందుకే నీకీ ఉత్తరాల గోల. అమ్మ ఏడుపు గొంతుతో చెప్పింది, రాయపోల్ దారిలో మన గులాబీ తోట బోరు ఎండిపోయిందని. కొత్త బోరు వేయడానికి మన్నెగూడ నుంచి లారీ వచ్చిందట. మేం క్రైస్తవులం కదా, బాపు కొబ్బరికాయ కొట్టనన్నాడట. అంతే, లారీ వెనక్కి పోయిందట! ఎవరి లారీ అని అడిగితే, "గవన్ని నీకెందుకే, మంచిగ సదువుకో" అంది.

వ్యాపారం పెట్టుకున్నవాళ్లు వచ్చినవాడి దేవుడెవరని అడగొచ్చా అత్తమ్మా? నాకు ఒళ్లు మండిపోతోంది, అదే సమయంలో ఎగిరి గంతేయాలనీ ఉంది. ఇంతకంటే మంచి కేసు ఎవరికీ దొరకలేదు! నీకూ మామయ్యకూ బోరు లారీ ఉంది కాబట్టి మన్నెగూడ చౌరస్తాలో ఓనర్లందరూ నీకు తెలుసు. ఆ ముద్దాయి పేరు కనుక్కుని వెంటనే రాయి.

తొందరలో ఉన్న నీ మేనకోడలు,
స్తుతి


మన్నెగూడ,
ఫిబ్రవరి 8.

లాయరమ్మకు,

కూర్చునే చదివాను. ముద్దాయి పేరు రాసుకో. మనోజ, భర్త పేరు ఎల్లేశ్, మన్నెగూడ చౌరస్తా. ఆ లారీ నాదే.

మీ అమ్మ లీదియా నా పేరు చెప్పలేదంటే అది దాని మంచితనం. నాకు దాచాల్సిన పని లేదు. మా డ్రిల్లర్ రాంచంద్ర ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చినవాడు. ఒకసారి యాచారం దగ్గర వాన ముంచుకొస్తోందని కాయ కొట్టకుండా మెషీన్ మొదలుపెట్టారు. రాడ్డు జారి అతని తమ్ముడి రెండు వేళ్లు పోయాయి. అప్పటి నుంచి కాయ కొట్టనిదే వాళ్లు పని మొదలుపెట్టరు. వేళ్లు పోగొట్టుకునేది వాళ్లు, నేను కాదు. నేనేమని చెప్పాలి?

జనవరి ఆఖర్లో లారీతో పాటు నేను కూడా పొలానికి పోయాను. పసుపు, కుంకుమ, అగరొత్తులు అన్నీ పట్టుకుని. "కొట్టు తమ్మీ" అన్నాను. "నా పొలంల వద్దక్కా, నేను ప్రార్థన చేసుకున్న" అన్నాడు మీ బాపు. "గట్లయితే లారీ పోతది" అన్నాను. "పోనియ్" అన్నాడు. పోయింది. అతని మాటే నేను విన్నాను.

ఇంకోటి కూడా రాసుకో, పనికొస్తుంది. ఒక లారీ వెనక్కి వచ్చిన పాయింటు మీదికి, అంటే బోరుకు గుర్తు పెట్టిన చోటికి, ఇక్కడి ఓనర్లెవరూ ఇంకో లారీ పంపరు. మొదటి ఓనరు సరే అనాలి. మాలో మేము కొట్టుకోకుండా పెట్టుకున్న కట్టుబాటు అది. నేను ఇంకా సరే అనలేదు.

మీ మామయ్యకు మోకాలు నొప్పి. కరుణ గురకకు ఈ కవర్లో దూది పెట్టాను, చెవుల్లో పెట్టుకో.

ముద్దాయి,
నీ మేనత్త మనోజ


హనుమకొండ,
ఫిబ్రవరి 13.

శ్రీమతి మ. గారికి,

నువ్వా! నా మేనత్తవా! ఉత్తరం మెస్సులో చదివాను, ఉప్మా గొంతులో ఇరుక్కుంది. రెండు రోజులు నీ మీద అలిగాను, నీకు తెలియలేదు కాబట్టి చెబుతున్నాను.

మొదటి రౌండు నిన్న అయిపోయింది. నీ పేరు బయట పెట్టలేదు, "శ్రీమతి మ." అన్నాను. రైతు తరఫున నేను నిలబడ్డాను. రాజ్యాంగం పదిహేనో అధికరణం రెండో భాగం అత్తమ్మా, నాకిప్పుడు నిద్రలో కూడా వస్తుంది. మతం పేరు మీద ఎవరినీ దుకాణంలోకి రావద్దనకూడదు. అవతలి జట్టు లేచి, "లారీ దుకాణమెలా అవుతుంది?" అంది. ఆ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నాను! రాజ్యాంగం రాసే రోజుల్లోనే దుకాణమంటే ఏమిటని సభలో అడిగారు, అడిగినవాళ్లకు సేవ అందించే చోటల్లా దుకాణమేనని జవాబొచ్చింది. అది గట్టిగా చదివి వినిపించాను. గెలిచాం!

ఇంకో మాట కూడా అన్నాను. రైతు గులాబీలు గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పోతాయి, అక్కడి నుంచి గుళ్లకు, దర్గాలకు, చర్చిలకు, పెళ్లిళ్లకు. "నా పూలు ఏ దేవుడి మెడలో వేస్తావు?" అని అతను ఒక్కరినైనా అడిగాడా? హాలంతా చప్పట్లు. అది చట్టం కాదు, భావావేశం అని దివాకర్ సారు మార్కులు కోశారు, అది వేరే సంగతి.

తోట ఎలా ఉంది? అమ్మ ఏమీ చెప్పదు. మూడేళ్ల మొక్కలు అత్తమ్మా. నువ్వు సరే అనవా?

కోపంగా ఉన్నా నీదే,
స్తుతి


మన్నెగూడ,
ఫిబ్రవరి 18.

గెలిచిన కోడలికి,

నీ ఉత్తరం మీ మామయ్యకు చదివి వినిపించాను. "మనల్నే ఓడగొట్టిందా పోరి!" అని మోకాలు నొప్పి మరిచి లేచి నిలబడ్డాడు. ఎవరి వైపు సంతోషపడాలో ఆయనకు తెలియలేదు.

పూల మాట అన్నావు కదా, విను. మీ బాపు తోటలో పూలు కోసే ఆడవాళ్లు కోసేముందు మొదటి పువ్వు కళ్లకద్దుకుంటారు. మీ బాపు వద్దంటాడా? అనడు. మరి నా పనివాళ్లు మొక్కుకుంటే ఎందుకు వద్దంటాడు? ఈ ప్రశ్న మీ సారును అడుగు.

నాకు క్రైస్తవులంటే పడదని మాత్రం మీ కోర్టులో చెప్పకు. మీ చర్చి ఆవరణలో బోరు ఎవరు వేశారనుకున్నావు? నా లారీయే. అక్కడి వాచ్‌మన్ గేటు బయట కాయ కొట్టాడు, పాస్టరు గారు లోపల ప్రార్థన చేసుకున్నారు, అరగంటలో మెషీన్ మొదలైంది. వాళ్ల బోరు ఇప్పటికీ పోస్తోంది.

తోట సంగతి అడిగావు. రోడ్డు మీద పోతూ చూశాను. ముప్ఫై సాళ్లలో పన్నెండు పచ్చగా లేవు. మూడు రోజులకోసారి ట్యాంకర్ వస్తోంది, మిగతా రోజులు మీ అమ్మ బిందెతో పోస్తోంది. నేను బండి ఆపలేదు. ఆపితే మీ బాపు నాకు మంచినీళ్లిస్తాడు, ఆ నీళ్లు నేనెట్లా తాగాలి?

నీ పంతం నాకు తెలుసు, నా పంతం నీకు తెలుసు.
మనోజ


హనుమకొండ,
ఫిబ్రవరి 23.

నా క్లయింటుకు,

అవును, క్లయింటుకే! రెండో రౌండులో జట్లు పక్షాలు మార్చుకోవాలి. అది మూట్ కోర్టు రూలు. నిన్న నేను బోరు లారీ తరఫున, అంటే నీ తరఫున వాదించాను!

వాదనకు ముందు రాత్రి నీ ఉత్తరాలు ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాను. అత్తమ్మా, నువ్వు ఎంత బాగా రాశావో అప్పుడు తెలిసింది. రాంచంద్ర తమ్ముడి వేళ్లు, పూలు కోసే ఆడవాళ్లు, చర్చి బోరు, అన్నీ వాడాను. శ్రీమతి మ. ఎవరి మతాన్నీ కాదనలేదు, తన పనివాళ్ల నమ్మకాన్ని కాపాడింది, మనస్సాక్షి స్వేచ్ఛ రైతుకు ఎంత ఉందో డ్రిల్లర్‌కు కూడా అంతే ఉంది అన్నాను. మాట్లాడుతూ మాట్లాడుతూ నేనే నమ్మేశాను. గెలిచాం! ఫైనల్‌కు వెళ్తున్నాం! కరుణ నన్ను ఎత్తి తిప్పింది, ఇద్దరం కిందపడ్డాం. మోచేయి గీరుకుపోయింది కానీ ఏం ఫర్వాలేదు.

టైపు చేసిన వాదన అంతా అందంగా కుట్టించి బాపుకు పంపాను. మీద కాలేజీ ముద్ర కూడా ఉంది. పోస్టు కట్టేసే టైం అయిపోయి ఉత్తరం రాయలేకపోయాను, కాగితాలే కవర్లో పెట్టేశాను. నా పేరు అచ్చులో చూసుకుని బాపు మురిసిపోతాడు చూడు!

ఫైనల్లో కూడా నీ పక్షమే వచ్చింది. దీవించు.

నీ వకీలు,
స్తుతి


మన్నెగూడ,
ఫిబ్రవరి 28.

స్తుతీ,

ఎంత పని చేశావే.

నిన్న మీ అమ్మ స్కూటీ మీద వచ్చింది. నీ కాగితాలు నా టేబుల్ మీద పెట్టి, నిలబడే మాట్లాడింది. మీ బాపు వాటిని మూడుసార్లు చదివాడట. మొదటి వాక్యమే "శ్రీమతి మ. చేసింది న్యాయమే" అని ఉంది. కింద నీ పేరు. పోటీ సంగతి, పక్షాలు మార్చుకునే సంగతి అతనికెవరు చెప్పారు? మీ అమ్మకూ తెలియదు. "నా బిడ్డ గూడ గిదే అంటుందా" అన్నాడట. తర్వాత ట్యాంకర్ వాడికి ఫోన్ చేసి ఇక రావద్దన్నాడు. మీ అమ్మ చేతిలో బిందె తీసుకుని, "ఇగ బంజెయ్ లీదియా, ఎవరికోసం" అన్నాడట.

ఉత్తరాలు రాసి నేనే నిన్ను తిప్పుకున్నానని అనుకుంటున్నాడు. నేను ఉన్నదంతా మీ అమ్మకు చెప్పాను. మీ అమ్మ నమ్మింది. అతను నమ్మాలంటే అతనితో నువ్వు మాట్లాడాలి.

మీ అమ్మ కాగితాలు సర్దుకుని పోయేముందు, "వదినా, మొక్కలు ఇంక పది పదిహేను దినాలు ఉంటయేమో" అంది. నన్ను ఏమీ అడగలేదు. అడిగితే బాగుండేది.

మనోజ


హనుమకొండ,
మార్చి 6.

అత్తమ్మా,

ఆదివారం బాపు ఫోన్ దగ్గరికి రాలేదు. పదికి పది నిమిషాలు అమ్మకు మూట్ కోర్టు అంటే ఏమిటో చెప్పాను, ఏడుస్తూ చెప్పాను. అర్థమైందంది. బాపుకు చెప్పిందట, ఆయన విని లేచి వెళ్లిపోయాడట. పుట్టి బుద్ధెరిగాక బాపు నాతో మాట్లాడని ఆదివారం ఇదే మొదటిది.

ఫైనల్ నిన్న జరిగింది. ఓడిపోయాం. ఓడిపోయినందుకు కాదు, ఎలా ఓడిపోయామో విను. బాగా మాట్లాడుతున్నాను, హాలంతా నా వైపే ఉంది. దివాకర్ సారు కళ్లద్దాలు తీసి ఒకే ఒక్క ప్రశ్న వేశారు. "చర్చిలో గేటు బయట వాచ్‌మన్ కొడితే పనివాళ్లకు సరిపోయింది. మరి ఈ పొలంలో డ్రిల్లరే రోడ్డు మీద కొట్టుకుంటే ఎందుకు సరిపోలేదు? రైతు చేతే ఎందుకు కొట్టించాలి?"

అత్తమ్మా, నిలబడి నీళ్లు తాగాను. కరుణ నోట్సు తిప్పింది. నీ ఉత్తరాలన్నీ నాకు కంఠతా వచ్చు, ఎందులోనూ దీనికి జవాబు లేదు. "క్లయింటును అడిగి చెబుతాను" అన్నాను. అందరూ నవ్వారు.

ఇప్పుడు కోర్టు లేదు, పోటీ లేదు. నాకోసం అడుగుతున్నాను. ఎందుకు సరిపోలేదు?

స్తుతి


మన్నెగూడ,
మార్చి 10.

బిడ్డా స్తుతీ,

మీ సారు గట్టివాడు.

రాంచంద్ర ఆ రోజు తన హిందీలో అదే అన్నాడు. "అమ్మా, నేను రోడ్డు మీద లారీ బంపర్‌కు కొట్టుకుంట, సార్‌ను ఎందుకు సతాయించుడు" అన్నాడు. మీ బాపు సరేనని తలూపాడు కూడా. వద్దన్నది నేను. మెషీన్ ఎక్కవద్దని, లారీ తిప్పమని చెప్పింది నేను. నీకు రాసిందంతా నిజమే, ఈ ఒక్క ముక్క మాత్రం రాయలేదు.

పన్నెండేళ్ల కింద నా మెడలో ఉన్నదీ చేతులకు ఉన్నదీ అమ్మి ఈ లారీ కొన్నాం. మీ తాత నారయ్య అప్పటికే పోయాడు. నా పుట్టింటి తరఫున ఉన్నది మీ బాపు ఒక్కడే. మొదటి కాయ తమ్ముడి చేత కొట్టిస్తానని చౌరస్తా అంతా చెప్పుకున్నాను. అప్పటికి అతను చర్చిలో చేరి ఏడాది. వచ్చాడు. రోడ్డు అవతల టీ కొట్టు దగ్గర నిలబడ్డాడు. చేయి ఊపాను. కదల్లేదు. కాయ పట్టుకుని నేను ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలుసు. చివరికి మీ మామయ్య కొట్టి లారీ స్టార్ట్ చేశాడు. తిరిగి చూస్తే మీ బాపు లేడు.

ఆ తర్వాత ఇద్దరం మంచిగానే ఉన్నాం, నువ్వు చూశావు కదా. ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు. జనవరిలో తనే ఫోన్ చేసి, "అక్కా, నీ లారీ పంపు" అన్నప్పుడు మాత్రం నా మనసు ఆగలేదు. ఈసారి కొట్టక ఏం చేస్తాడు, నీళ్లు కావాలి కదా అనుకున్నాను. ఎంత పాడు ఆలోచనో చూడు. అతని మొక్కలు ఎండుతుంటే వాటిని అడ్డం పెట్టుకుని నా పాత బాకీ వసూలు చేసుకోబోయాను.

ఇది మీ సారుకు చెప్పుకో. నాకు సిగ్గు లేదు. ఉంది, అయినా చెప్పు.

మనోజ


హనుమకొండ,
మార్చి 13.

అత్తమ్మా,

ఎవరికీ చెప్పను. ఉత్తరం చదివి బాత్రూంలో కూర్చుని ఏడ్చాను. తర్వాత నవ్వొచ్చింది. మీ ఇద్దరికీ యాభై ఏళ్లు వస్తున్నాయి!

ఒక్కటి అడగనా? ఆ రోజు రోడ్డు అవతల ఎందుకు నిలబడ్డావని పన్నెండేళ్లలో బాపును ఒక్కసారైనా అడిగావా? మా సారైతే సాక్షిని విచారించకుండా తీర్పేమిటమ్మా అనేవారు.

ఇంక ఉత్తరాలు రాయకు. లారీ తీసుకుని పో. ఈ ఉత్తరం అందిన రోజే పో. పది పదిహేను రోజులని అమ్మ అని ఎన్ని రోజులైందో లెక్క చూసుకో!

స్తుతి


రాయపోల్ దారి, మీ తోట గట్టు మీద నుంచి,
మార్చి 17.

నా బంగారు కోడలా,

బిల్లు బుక్కు వెనక రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే కంప్రెసర్ అదురుకు. అవ్, మన లారీయే! పొద్దున ఎనిమిదింటికి వచ్చాం. రాంచంద్ర రోడ్డు మీదే ఆగి బంపర్‌కు కాయ కొట్టుకుని, చేతులు కడుక్కుని లోపలికి వచ్చాడు. ఒక్క నిమిషం పని.

మీ బాపు గేటు దగ్గర నిలబడి చూస్తున్నాడు. నేను దిగాను. మాట ఎట్లా మొదలుపెట్టాలో తెలియక అడిగేశాను, "ఆ దినం రోడ్డు దాటి ఇవతలికెందుకు రాలేదు తమ్మీ" అని. ఏ దినమని అడగలేదు చూడు, అతనికీ అదే దినం గుర్తుంది.

"వచ్చిన గదక్కా. లారీ షురువయ్యేదాంక అవతల నిలబడి నీకోసం ప్రార్థన జేసిన. ఇవతలికొస్తె నువ్వు కాయ నా చేతికిస్తవ్. నేను వద్దంటె పదిమందిల నీ ఇజ్జత్ పోతది. అందుకే రాలే" అన్నాడు.

స్తుతీ, నా ఇజ్జత్ కాపాడాలని అతను రోడ్డు దాటలేదు. నేనేమో జనవరిలో పదిమందిని వెంటబెట్టుకుని పోయి అదే కాయ అతని చేతికిచ్చి, వద్దనిపించుకుని, లారీ తిప్పుకొచ్చాను. టైరు పట్టుకుని నిలబడ్డాను.

"అయితే ఇప్పుడు ప్రార్థన నాకు ఇనవడేటట్టు జెయ్" అన్నాను. చేశాడు. పాయింటు దగ్గర మోకాళ్ల మీద కూర్చుని గట్టిగా చేశాడు. నీళ్లు అడుగుతాడనుకున్నాను. మొదట రాంచంద్ర పేరు, తర్వాత మిగతా పనివాళ్ల పేర్లు ఒక్కొక్కటీ చెప్పి, వీళ్ల చేతులు కాపాడు ప్రభువా అన్నాడు. రాంచంద్రకు తెలుగు అంతంత మాత్రమే, పేరు మాత్రం అర్థమైంది. టోపీ తీసి పట్టుకున్నాడు.

ఇప్పుడు మధ్యాహ్నం రెండు. ఐదు వందల అరవై అడుగులు దిగాం. ఇంకా తెల్లటి రాతి పొడే వస్తోంది, అందరం సున్నం కొట్టినట్టు ఉన్నాం. మీ అమ్మ అన్నం తెచ్చింది, ఎవరూ ముట్టలేదు. మీ బాపు ఇప్పుడే వచ్చి, "అక్కా, ఇగ చాలు. రాయి తొలిచి తొలిచి నీ హ్యామర్ అరుగుతుంది. లారీ తీస్కపో" అన్నాడు.

పోను అన్నాను.

రాంచంద్ర ఇంకో రాడ్డు ఎక్కిస్తున్నాడు. పోయి చూస్తా. కాగితం మీ బాపుకిస్తున్నాను, పోస్టు చేస్తాడు.

నీ మేనత్త


బిడ్డా, బాపును. ఆరు వందల నలబై కాడ నీళ్లు తగిలినయ్. ఇంచున్నర ఉంటయ్, మన తోటకు మస్తు. మీ అమ్మ, మీ అత్త బురదల కూసోని ఒకల్నొకలు పట్టుకోని ఏడుస్తున్నరు. పదిహేను సాళ్లు బతుకుతయ్, మిగిలినయి మళ్ల పెడుదాం. ఆదివారం ఫోన్ కాడ నేనే ఉంట. నువ్వు పంపిన కాగితం ఇయ్యాల మళ్ల తీసి సదివిన. నాకు కోపమొచ్చింది నిజమే గని, మా అక్క దిక్కు మంచిగ మాట్లాడినవ్ బిడ్డా. నేనైతె గంత మంచిగ మాట్లాడకపోదును.